ప్రకటనలు చదవడం – నాలుగో పాఠం: ‘ఏకైక’ అన్న మాట

గత వారం అభ్యాసానికి వచ్చిన జవాబుల్లో చాలావాటిలో ఒకే వాక్యం కనిపించింది: “1974లో రబాత్‌లో జోర్డాన్ వెస్ట్ బ్యాంకును వదులుకుంది.” ఇది తప్పు. దీన్ని ఇలాగే వదిలేస్తే రాబోయే పాఠాలు నిలవవు. అందుకే ఈ వారం అనుకున్న సౌదీ పాఠాన్ని వాయిదా వేస్తున్నాను.

వెస్ట్ బ్యాంకు అంటే జోర్డాన్ నదికి పడమటి ఒడ్డు. 1950లో జోర్డాన్ దాన్ని తనలో విలీనం చేసుకోవడం, 1967లో ఇజ్రాయెల్ దాన్ని ఆక్రమించడం మీకు తెలిసినవే.

అరబ్బు రాజుల ప్రకటనలో ‘పాలస్తీనా’ అన్న మాట రాగానే ఆగండి. అది నేల గురించా, ప్రజల గురించా, వారి తరఫున మాట్లాడే హక్కు గురించా? 1974లో మొరాకో రాజధాని రబాత్‌లో జరిగిన అరబ్బు దేశాల శిఖరాగ్ర సమావేశం ముఖ్యంగా తేల్చింది మూడోదాన్ని. పాలస్తీనా విమోచన సంస్థ ఆ ప్రజల ‘ఏకైక చట్టబద్ధ ప్రతినిధి’ అంది. నేను ఏ ప్రకటననైనా ముందు విశేషణాల కోసమే చదువుతాను. క్రియల సంగతి తర్వాత. ఇక్కడ ‘ఏకైక’ను కొట్టేసి చదవండి. అప్పుడు జోర్డాన్ రాజు హుస్సేన్ కూడా ప్రతినిధే అవుతాడు. ఆయన పార్లమెంటు దిగువ సభలో సగం స్థానాలు వెస్ట్ బ్యాంకువే కదా! ఆ ఒక్క మాట ఆయన నుంచి తీసుకున్నది ఈ హక్కునే. నేల మీద తన వాదనను ఆయన అప్పుడు అధికారికంగా వదులుకోలేదు. అక్కడి ఉద్యోగులు చాలామందికి జోర్డాన్ రాజధాని అమ్మాన్ నుంచి జీతాలు ఆ తర్వాత కూడా అందాయి. పరిపాలనా బంధాలు తెంచుకుంటున్నట్టు ఆయన ప్రకటించింది 1988 జులై 31న, ఆక్రమణపై పాలస్తీనీయుల తొలి తిరుగుబాటు (ఇంతిఫాదా) సాగుతుండగా. అప్పుడు కూడా జెరూసలేంలోని ముస్లిం పవిత్ర స్థలాలను వదల్లేదు. 1994 ఇజ్రాయెల్ ఒప్పందంలో వాటిపై జోర్డాన్ ప్రత్యేక పాత్రను రాయించుకున్నారు.

వెనక్కి వెళ్లి 1972 మార్చి నాటి ‘సంయుక్త అరబ్బు రాజ్యం’ ప్రతిపాదన చూడండి. 1970 సెప్టెంబరులో ఫెదాయీలకు (పాలస్తీనా సాయుధ పోరాటకారులకు), జోర్డాన్ సైన్యానికి మధ్య సాగిన రక్తపాతం ఇంకా ఎవరూ మరవలేదు. హుస్సేన్ వెస్ట్ బ్యాంకుకు స్వయంపాలన ఇస్తానన్నాడు, కానీ తన సింహాసనం కిందనే. ప్రజలను గుర్తించాడు, వారి సంస్థను గుర్తించలేదు. సంస్థ ఆ ప్రతిపాదనను తిరస్కరించింది.

‘మద్దతు’ అన్న మాట నన్ను బాధిస్తుంది. “రాజు పాలస్తీనాకు మద్దతిచ్చాడు” అని రాస్తే, ఆ ‘పాలస్తీనా’ ఏదో చెప్పకుండా తప్పించుకున్నట్టే.

అభ్యాసం: 1985 ఫిబ్రవరి 11న హుస్సేన్, విమోచన సంస్థ నేత అరాఫత్ కుదుర్చుకున్న ఒప్పందం చదవండి. అందులో ఒకే వాక్యంలో విమోచన సంస్థ ‘ఏకైక’ ప్రతినిధి అనీ ఉంది, శాంతి చర్చలకు జోర్డాన్‌తో ‘ఉమ్మడి’ బృందంలో భాగంగా వెళ్లాలనీ ఉంది. ఈ రెండు మాటలు ఒకే వాక్యంలో ఎలా ఇమిడాయి? ఏడాదికే ఆ సయోధ్యను హుస్సేన్ ఎందుకు ఆపేశాడు? ‘మద్దతు’ అనే మాట వాడకుండా రెండు పేజీలు రాయండి.