పొలానికి పీజీఎస్ సేంద్రియ సర్టిఫికెట్ ఎలా తెచ్చుకోవాలి?

మందులు కొట్టకుండా పండించామని మనం ఎంత చెప్పినా కొనేవాళ్లు మొదట అడిగేది సర్టిఫికెట్ ఉందా అనే. చిన్న రైతుకు సర్టిఫికెట్లు ఇచ్చే ఏజెన్సీల ఫీజులు భరించడం కష్టం కాబట్టి కేంద్ర వ్యవసాయ శాఖ 2011లో పీజీఎస్-ఇండియా (పార్టిసిపేటరీ గ్యారంటీ సిస్టమ్) అనే పద్ధతి తెచ్చింది. ఇందులో తోటి రైతులే ఒకరి పొలం ఒకరు చూసి సంతకం పెడతారు, ఆ సంతకాన్ని ప్రభుత్వం గుర్తిస్తుంది. పంటను విదేశాలకు పంపాలనుకుంటే మాత్రం ఇది చెల్లదు, దానికి వ్యవసాయ ఎగుమతులు చూసే కేంద్ర సంస్థ అపెడా నడిపే ఎన్‌పీఓపీ (జాతీయ సేంద్రియ ఉత్పత్తి కార్యక్రమం) సర్టిఫికెట్ కావాలి.

మొదటి పని గ్రూపు కట్టడం. ఒకే ఊళ్లోనో పక్కపక్క ఊళ్లలోనో ఉన్న కనీసం ఐదుగురు రైతులు కావాలి. లెక్క సరిపోవాలని ఎవరి పేరు పడితే వాళ్ల పేరు రాయించకండి, ఎందుకంటే రేపు అందులో ఒకరు రాత్రిపూట పురుగుమందు కొట్టారని తెలిస్తే ఆయన పంటనే కాదు, గ్రూపు మొత్తాన్నీ ఎవరూ నమ్మరు. మొహమాటం లేకుండా "అన్నా, ఇది కుదరదు" అనగలిగే మనిషి ఒక్కరైనా ఉండాలి.

తర్వాత అందరూ నియమాలు పాటిస్తామని ప్రతిజ్ఞ పత్రం మీద సంతకాలు చేసి, ఆధార్, పాస్‌బుక్, సర్వే నంబర్ల వివరాలతో మీ ప్రాంతీయ కౌన్సిల్ (గ్రూపులను నమోదు చేసి సర్టిఫికెట్లు ఆమోదించే సంస్థ) దగ్గర నమోదు చేయించుకోవాలి. కౌన్సిల్ ఎక్కడుందో తెలియకపోతే వ్యవసాయ అధికారిని అడగండి. ఇంటికి తినడానికి ఒక ఎకరం మందుల్లేకుండా, అమ్మకానికి మిగతాది మామూలుగా అనే అలవాటు మన దగ్గర చాలామందికి ఉంది, ఇక్కడ అది ఎల్లకాలం నడవదు, క్రమంగా మీ భూమి మొత్తం ఈ పద్ధతిలోకి రావాలి.

ఇక అసలు కష్టం పొలంలోనే. రసాయన ఎరువులు, పురుగుమందులు, కలుపు మందులు మానేయాలని అందరికీ తెలుసు, చిక్కంతా చిన్న చిన్న వాటితోనే వస్తుంది. మందు పట్టించిన విత్తనం వాడకూడదు, బీటీ పత్తి అసలే కుదరదు. పక్క పొలంలో కొట్టిన మందు గాలికి మీ చేలో పడకుండా గట్టు మీద గుబురుగా పెరిగే మొక్కలు వేసుకోండి, ఆ పొలం నీళ్లు మీ మడిలోకి పారకుండా చూసుకోండి. అద్దెకు తెచ్చిన స్ప్రేయర్‌తో కషాయం కొట్టొద్దు, అందులో నిన్న ఏం కలిపారో మీకు తెలియదు. అన్నిటికంటే ఎక్కువగా దొరికిపోయేది యూరియా సంచి దగ్గర: రెండేళ్లు కష్టపడి పండించిన ధాన్యాన్ని కళ్లంలో ఉతికిన యూరియా సంచుల్లోకే ఎత్తుతారు, చూడటానికి వచ్చినవాళ్లకు ఇంకేం చెప్పగలరు? కొత్త గోనె సంచులు కొనండి, అంతే.

ఏ రోజు ఏం వేశారు, విత్తనం ఎక్కడిది, దిగుబడి ఎంత, ఎవరికి అమ్మారు అన్నీ ఒక పుస్తకంలో రాయండి. కొన్న వాటి బిల్లులు కూడా అందులోనే పెట్టండి. జీవామృతం పోసిన రోజు కూడా రాయాలి, సీజన్ చివర్లో కూర్చుని ఒకే పెన్నుతో మొత్తం నింపితే చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది.

తనిఖీకి గ్రూపులోంచి కొందరు కలిసి వెళ్తారు. మీ పొలం నేను, నా పొలం మీరు అన్నట్టు జతలు కట్టకండి. గట్ల వెంట తిరగాలి, గోదాము, పశువుల కొట్టం చూడాలి, పుస్తకం తిరగేయాలి. ఆ వివరాలతో గ్రూపు కూర్చుని నిర్ణయం తీసుకుంటుంది, కౌన్సిల్ ఆమోదించాక సర్టిఫికెట్ వస్తుంది. మారుతున్న దశలో ఉన్నవాళ్లకు పీజీఎస్-గ్రీన్, పూర్తిగా మారాక పీజీఎస్-ఆర్గానిక్. వరి, కూరగాయల్లాంటి పంటలకు ఈ దశ రెండేళ్లు, మామిడి, నిమ్మ తోటలకు మూడేళ్లు. సర్టిఫికెట్ ఒక్కసారి తీసుకుంటే సరిపోదు, ఏడాదికోసారి మళ్లీ తనిఖీ చేయించుకుని పునరుద్ధరించుకోవాలి.

సేంద్రియ ఆహారంపై ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) 2017లో తెచ్చిన నిబంధనలు పీజీఎస్‌ను కూడా గుర్తిస్తాయి, కాబట్టి ప్యాకెట్ మీద ఇది సేంద్రియ ఆహారమని తెలిపే జైవిక్ భారత్ లోగో వేసుకునే దారి ఉంది. ఏడాదికి 12 లక్షల రూపాయల లోపు వ్యాపారంతో తన పంటను నేరుగా వాడకందారులకే అమ్ముకునే చిన్న రైతుకు సర్టిఫికెట్ తప్పనిసరి కాదు, అయితే ఆయన ఆ లోగో వాడకూడదు.