అనుభవం కంటే కింది హోదాలో చేరినవారు త్వరగా ప్రమోషన్ పొందడం ఎలా?

హైదరాబాదు చుట్టుపక్కల జీడిమెట్లలోనో పాశమైలారంలోనో మందుల కంపెనీలో ఏడెనిమిదేళ్లు పనిచేసి, ఇంట్లో పెద్దవాళ్లను చూసుకోవడానికి సొంత జిల్లాకు తిరిగివచ్చి, జడ్చర్ల పక్కనున్న పోలేపల్లి సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలిలో) ఒక మందుల కంపెనీలో జూనియర్ ఆఫీసర్‌గా చేరినవారు పాలమూరులో కనిపిస్తూనే ఉంటారు. పాత కంపెనీ రిలీవింగ్ లెటర్ ఇవ్వకపోవడం, మధ్యలో ఏడాది ఖాళీ రావడం, చౌటుప్పల్ వైపు బల్క్ డ్రగ్ (మందుల ముడిసరుకు) యూనిట్‌లో పనిచేసి ఇప్పుడు మాత్రల తయారీకి మారడం వంటివి సాధారణంగా హోదా తగ్గించడానికి చెప్పే కారణాలు. "ముందు చేరండి, తర్వాత చూద్దాం" అని హెచ్‌ఆర్ వారు అనే మాటలో అబద్ధం ఉండకపోవచ్చు గానీ తేదీ మాత్రం ఉండదు.

కనుక చేరిన మొదటి వారంలోనే ఆ తేదీని కాగితం మీదికి తెచ్చుకోవాలి. ప్రొబేషన్ పూర్తయ్యాక గ్రేడును సమీక్షిస్తామని ఇంటర్వ్యూలో చెప్పి ఉంటే, అందుకు కృతజ్ఞతలు తెలుపుతూ రెండు వాక్యాల మెయిల్ పంపి, విభాగాధిపతికి కూడా కాపీ పెట్టండి. అది ఒప్పందం కాదు, అయినా ఆరు నెలల తర్వాత "అలా ఎవరన్నారు?" అనే ప్రశ్న రాకుండా ఆపుతుంది. ఏప్రిల్ ఇంక్రిమెంటుకు ఏ తేదీలోపు చేరినవారు అర్హులో అప్పుడే అడిగి తెలుసుకోవాలి. అలాగే యూఏఎన్ (పీఎఫ్ సభ్యుడి నంబరు) పోర్టల్‌లో సర్వీసు వివరాలు తెరిచి, పాత కంపెనీ మీ నిష్క్రమణ తేదీ నమోదు చేసిందో లేదో చూసుకోండి. రిలీవింగ్ లెటర్ లేనివారికి ఆ పీఎఫ్ రికార్డే గట్టి ఆధారం.

ఇక అసలు కష్టం మనుషుల దగ్గర వస్తుంది. మీ షిఫ్ట్ ఇన్‌చార్జి మీకంటే నాలుగేళ్లు చిన్నవాడై ఉండవచ్చు. అతడు మిమ్మల్ని "అన్నా" అని పిలిచినా, ఆపరేటర్ల ముందు మీరు అతన్ని "సార్" అనే పిలవాలి. కంపెనీ బస్సులో మహబూబ్‌నగర్ వెళ్లేటప్పుడు ఎలా పిలుచుకున్నా ఎవరికీ పట్టింపు లేదు. "మా పాత కంపెనీలో ఇట్లా చేసేటోళ్లం కాదు" అనే మాటను మొదటి మూడు నెలలు నోటికి రానీయకపోవడం మంచిది, ఎందుకంటే ప్రమోషన్ సిఫారసు మొదట రాయవలసింది ఆ చిన్నవాడే. తెలిసిన విషయాన్ని ప్రశ్నగా అతని ముందు పెడితే పనీ జరుగుతుంది, అతని మాటా నిలుస్తుంది.

అనుభవం నోటి మాటలో కంటే రాతలో ఎక్కువ కనిపిస్తుంది. ఉదాహరణకు, కంప్రెషన్ (పౌడర్‌ను యంత్రంలో నొక్కి మాత్రలుగా చేయడం) నడుస్తుండగా పది గంటలకు తీసిన శాంపిల్ సరిగా ఉండి, పదిన్నరకు తీసిన మాత్రల బరువు పరిమితి దాటిందనుకుందాం. యంత్రం ఆపి, సమయమూ బ్యాచ్ నంబరూ రాసి, పైవారికి చెప్పడంతో జూనియర్ పని ముగుస్తుంది. కానీ ఆ అరగంటలో పడిన మాత్రలన్నిటినీ వేరు చేయించి, పౌడర్ పోసే హాపర్‌లో పౌడర్ తగ్గిందా, దాన్ని అచ్చుల్లోకి నెట్టే ఫీడ్ ఫ్రేమ్ అరిగిందా, సెట్టింగ్ కదిలిందా అని ఒక్కొక్కటిగా చూసి, అదే యంత్రం మీద అంతకుముందు నడిచిన బ్యాచ్‌ల రికార్డులు తిరగేసి, మళ్లీ జరగకుండా ఎవరు ఏ తేదీలోపు ఏమి చేయాలో చిత్తు ప్రతిగా రాసి ఇన్‌చార్జి చేతికిచ్చినవాడు సీనియర్ ఆఫీసర్ పని చేసినట్టే. అలాంటి నివేదికలు నాలుగైదు పోగైతే అప్రైజల్ ఫారంలో రాయడానికి విశేషణాలు వెతుక్కోనక్కరలేదు.

అయితే ఇక్కడొక హద్దు ఉంది. మీకు అధికారం లేని "తనిఖీ చేసినవారు" గడిలో, ఎంత తెలిసినా, ఎవరు బతిమాలినా సంతకం పెట్టకూడదు; మందుల కంపెనీలో అది చొరవ కాదు, నేరుగా డేటా తప్పిదం, అంటే రికార్డును తప్పుగా చూపడం. దానికి బదులు, సంబంధిత ఎస్‌ఓపీల్లో (పని ఎలా చేయాలో చెప్పే రాతపూర్వక విధానాల్లో) శిక్షణ పూర్తిచేసి, తనిఖీదారుల జాబితాలో పేరు చేర్చమని అడగండి.

చాలామంది పట్టించుకోని దారి మరొకటుంది. ఫార్మసీ డిగ్రీ తర్వాత తయారీలో 18 నెలలు, లేదా కెమిస్ట్రీ ప్రధానాంశంగా సైన్స్ డిగ్రీ చదివి తయారీలో 3 ఏళ్లు పనిచేసినవారిని, డ్రగ్స్ రూల్స్ 1945 ప్రకారం, తయారీని పర్యవేక్షించే సాంకేతిక సిబ్బందిగా ఆమోదించవచ్చు. కొత్త కంపెనీ తగ్గించి లెక్కగట్టిన మీ పాత ఏళ్లు ఇక్కడ పూర్తిగా లెక్కకొస్తాయి. అందుకు పాత కంపెనీ సర్టిఫికెట్‌లో "ప్రొడక్షన్‌లో పనిచేశారు" అని ఉంటే చాలదు. ఏ విభాగంలో, ఏ రకం మందుల తయారీలో, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్నది ఉండేలా రాయించుకోండి. ఔషధ నియంత్రణ శాఖ ఆమోదం పొందిన మనిషిని జూనియర్‌గా కూర్చోబెట్టడం కంపెనీకే ఇబ్బంది.

ఆడిట్ రోజుల్లో సెలవు పెట్టవద్దు. అమెరికా ఎఫ్‌డీఏ (ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ) తనిఖీ ముగిశాక 483 ఫారంలో అభ్యంతరాలు వస్తే, 15 పనిదినాల్లోపు జవాబు పంపాలని ప్లాంటంతా పరుగులు తీస్తుంది. పాత లాగ్‌బుక్కులు వెతికి, అడిగిన ఆధారాన్ని పేజీ నంబరుతో సహా తెచ్చిచ్చే మనిషి పేరు ప్లాంట్ హెడ్‌కు తెలిసేది అప్పుడే.

ప్రమోషన్ అడగవలసింది ఏప్రిల్‌లో కాదు. అప్పటికి జాబితాలు హైదరాబాదు ఆఫీసుకు వెళ్లి ఆమోదం కూడా పొంది ఉంటాయి. డిసెంబరులోనో జనవరిలోనో విభాగాధిపతిని సమయం అడిగి, మొదటి వారం మెయిల్‌నూ, రాసిన నివేదికల జాబితానూ ఒకే పేజీలో చూపించాలి. ఇంటి ఖర్చుల ప్రస్తావన, పక్కవాడి జీతం ప్రస్తావన తేవద్దు. "ఈసారి కుదరదు" అంటే, ఏది తక్కువైందో అడిగి, ఆ జవాబునూ మెయిల్‌లో పెట్టండి. రెండో ఏడాదీ అదే మాట వస్తే సెజ్‌లోనే పక్క కంపెనీల్లో ఖాళీలు చూసుకోవడంలో తప్పులేదు.

లెటర్ చేతికొచ్చాక హోదా పేరొక్కటే చూసి సంతోషపడవద్దు. గ్రేడు మారిందా, బేసిక్ పెరిగిందా, ఏ తేదీ నుంచి అమలు, నోటీసు పీరియడ్ ఒక నెల నుంచి మూడు నెలలకు పెరిగిందా అన్నవి చదివి, అర్థం కానిది అడిగి తెలుసుకున్న తర్వాతే సంతకం చేయండి.