ఎం105 గెలాక్సీలో కాంతి నుంచి ద్రవ్యరాశి దాకా: నమూనా కట్టే పద్ధతి

ఏప్రిల్ మధ్యలో రాత్రి సుమారు తొమ్మిదింపావుకు, సింహరాశిలోని ఎం105 అనే దీర్ఘవృత్తాకార గెలాక్సీ విశాఖపట్నం నడినెత్తికి అయిదు డిగ్రీల దక్షిణంగా వస్తుంది. రేవు, ఉక్కు కర్మాగారం, బీచ్ రోడ్డు దీపాల వెలుగు నిండిన ఆకాశంలో చిన్న టెలిస్కోపుకు దాని నడిబొడ్డు మాత్రమే మసక చుక్కగా చిక్కుతుంది; ద్రవ్యరాశి నమూనాకు అత్యవసరమైన అంచులు కనబడవు. అందుచేత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గానీ నగరంలోని మరో కళాశాలలో గానీ ఎమ్మెస్సీ భౌతికశాస్త్రం చదివే విద్యార్థి, స్లోన్ డిజిటల్ స్కై సర్వే ఉచితంగా ఇచ్చే చిత్రాలతో ఈ పని మొదలుపెట్టడం మేలు. కాంతి మనం కొలిచేది, ద్రవ్యరాశి మనం లెక్కగట్టి రాబట్టేది. ఈ తేడాను చివరిదాకా చెరగనివ్వకూడదు.

అన్నిటికంటే ఎక్కువ సమయం ఆకాశపు నేపథ్య కాంతికి కేటాయించండి. మంచి చీకటి ప్రదేశంలో కూడా ఆకాశం ఒక చదరపు ఆర్క్‌సెకనుకు దాదాపు 22 మాగ్నిట్యూడ్ల ప్రకాశంతో ఉంటుంది (ఆర్క్‌సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు; మాగ్నిట్యూడ్ సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది, అయిదు పెరిగితే నూరో వంతవుతుంది). గెలాక్సీ అంచు 27 మాగ్నిట్యూడ్లకు పడిపోయిన చోట దాని కాంతి ఆకాశపు కాంతిలో నూరో వంతు మాత్రమే కాబట్టి, నేపథ్యాన్ని ఒక్క శాతం ఎక్కువగా తీసివేస్తే అక్కడి గెలాక్సీ మొత్తం మాయమవుతుంది, ఒక్క శాతం తక్కువగా తీసివేస్తే రెట్టింపవుతుంది. సర్వే చిత్రాల్లో నేపథ్యాన్ని ముందే తీసివేసి ఉంటారు గానీ, పెద్ద గెలాక్సీల విషయంలో ఆ సవరణ అంచు కాంతిని కూడా కొంత మింగేయవచ్చు. పక్కపక్క ఫ్రేములను కలిపి, గెలాక్సీకి బాగా దూరంగా అనేక చోట్ల నేపథ్యాన్ని మీరే కొలవండి. ఆ కొలతల మధ్య కనిపించే తేడానే మీ అనిశ్చితిగా రాసుకోండి.

ఎం105కు ఏడు ఆర్క్‌నిమిషాల దూరంలోనే ఎన్‌జీసీ 3384 అనే మరో గెలాక్సీ ఉంది, రెండింటి కాంతీ ఒకదానిపై ఒకటి పడుతుంది. పొరుగు గెలాక్సీని మాస్కుతో కప్పితే, అంటే ఆ భాగాన్ని లెక్కలోంచి తీసేస్తే, చాలదు. గాల్‌ఫిట్ వంటి ప్రోగ్రాములో రెండింటికీ ఒకేసారి నమూనా వేయాలి. మన పాలపుంతలోని ముందువరుస నక్షత్రాలకు మాత్రం మాస్కు సరిపోతుంది. తరువాత పైథాన్‌లోని ఫోటుటిల్స్‌తో సమకాంతి రేఖలకు దీర్ఘవృత్తాలను అమర్చి, వ్యాసార్ధంతో పాటు ఉపరితల ప్రకాశం ఎలా తగ్గుతున్నదో పట్టిక తీయండి. చలికాలపు మంచులో డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌస్ దీపం ఉబ్బి కనిపించినట్లే, వాతావరణం గెలాక్సీ కేంద్రాన్ని పరుస్తుంది. కాబట్టి నమూనాను కూడా అంతే మేర మసకబార్చిన తరువాతే చిత్రంతో పోల్చాలి, లేదా మధ్యలోని మూడు ఆర్క్‌సెకన్లను వదిలేయాలి.

ఇక ఆ పట్టికకు, కాంతి తగ్గే తీరును చెప్పే సెర్సిక్ సూత్రాన్ని అమర్చండి. వ్యాసార్ధపు నాలుగో మూలానికి అనులోమంగా మాగ్నిట్యూడ్ పెరుగుతుందని డి వోకులర్ 1948లో చెప్పారు. ఆ నాలుగుకు బదులు ఏ సంఖ్యనైనా (దీన్నే సూచిక అంటారు) అనుమతిస్తూ సెర్సిక్ 1963లో దాన్ని విస్తరించారు. ఎం105 విషయంలో ఆ సూచిక నాలుగుకు దగ్గరగానే వస్తుంది. సూచిక సరిగ్గా నాలుగైతే, మొత్తం కాంతిలో సగాన్ని ఇముడ్చుకున్న అర్ధకాంతి వ్యాసార్ధానికి నాలుగు రెట్ల అవతల కూడా ఇంకా సుమారు 15 శాతం కాంతి మిగిలి ఉంటుంది. నేపథ్యం విషయంలో అంత పట్టుబట్టింది ఇందుకే.

చిత్రం చదునుగా ఉంటుంది, గెలాక్సీ ఘనంగా ఉంటుంది. ఒకదాని నుంచి మరొకదానికి వెళ్లే ఏబెల్ సమీకరణానికి ప్రకాశపు వాలు కావాలి; ముడి దత్తాంశం నుంచి వాలు తీస్తే కొలతల్లోని గోల (నాయిస్) పెరిగిపోతుంది. అమర్చిన నునుపు సూత్రాన్నే విలోమం చేయండి. ఎం105 దాదాపు గుండ్రం కనుక గోళమని భావించవచ్చు. చప్పటి గెలాక్సీలకైతే కాంతిని అనేక గాసియన్ల (గంట ఆకారపు వక్రాల) మొత్తంగా విడగొట్టే పద్ధతి నయం.

ద్రవ్యరాశికి ముందు ఒక స్థూల అంచనా వేసుకోండి. నక్షత్రాల వేగాల వ్యాప్తిని, అంటే అవి సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో ఆ కొలతను, వర్గం చేసి, అర్ధకాంతి వ్యాసార్ధంతోనూ అయిదుతోనూ గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగించాలి. కిలోపార్సెక్, కిలోమీటర్/సెకను, సూర్య ద్రవ్యరాశి ప్రమాణాల్లో ఆ స్థిరాంకం 0.0000043. వ్యాప్తి సెకనుకు 200 కిలోమీటర్లు, వ్యాసార్ధం 2.3 కిలోపార్సెక్‌లు అనుకుంటే దాదాపు పదివేల కోట్ల సూర్యుల ద్రవ్యరాశి వస్తుంది. వివరమైన నమూనా దీనికి పది రెట్లు అటూ ఇటూ పోయిందంటే ముందు ప్రమాణాలను సరిచూసుకోండి.

వివరమైన నమూనాకు, నక్షత్రాల వేగాలను గురుత్వాకర్షణతో ముడిపెట్టే జీన్స్ సమీకరణం ఆధారం. అందులో మొత్తం ద్రవ్యరాశిని మూడు భాగాలుగా పెట్టండి: కాంతిని ద్రవ్యరాశి-కాంతి నిష్పత్తితో గుణిస్తే వచ్చే నక్షత్రాలు, కేంద్రంలోని కృష్ణబిలం, వెలుపలికి విస్తరించిన కృష్ణ పదార్థం. నిష్పత్తిని ఒకే విలువకు బిగించకూడదు, ఎందుకంటే చిన్న నక్షత్రాలు ఎన్ని పుట్టాయన్న భావనను మారిస్తేనే అది ఒకటిన్నర రెట్లకు మించి మారుతుంది. అంతకంటే పెద్ద చిక్కు కక్ష్యలది. దృష్టిరేఖ వెంట వేగం మాత్రమే మనకు తెలుస్తుంది కనుక, వెలుపల వేగాల వ్యాప్తి తగ్గడానికి కారణం ద్రవ్యరాశి తక్కువ కావడమా, నక్షత్రాలు ఎక్కువగా వ్యాసార్ధ దిశలో కదలడమా అన్నది ఆ కొలతతోనే తేలదు.

ఈ చిక్కు ఎం105 విషయంలోనే ఎదురైంది. 500.7 నానోమీటర్ల ఆక్సిజన్ రేఖలో మెరిసే గ్రహ నీహారికల (ముసలి నక్షత్రాలు విడిచిన వాయు మేఘాల) వేగాలను లా పాల్మాలోని విలియం హెర్షెల్ టెలిస్కోపుతో కొలిచి, ఈ గెలాక్సీలో కృష్ణ పదార్థం చాలా తక్కువగా ఉన్నట్లుందని రోమనోవ్‌స్కీ బృందం 2003లో ప్రకటించింది. గెలాక్సీల విలీనంలో ఏర్పడే పొడవాటి కక్ష్యలతో అదే తగ్గుదలను మామూలు మోతాదు కృష్ణ పదార్థంతోనూ వివరించవచ్చని డెకెల్ బృందం 2005లో చూపింది. ఒకే దత్తాంశానికి రెండు జవాబులు! అందువల్ల దిశాభేదపు విలువను (వ్యాసార్ధ దిశ కదలికలు అడ్డ దిశవాటికంటే ఎంత ఎక్కువో చెప్పే సంఖ్య; సున్నా అంటే అన్ని దిశల్లో సమానం) సున్నా దగ్గరా, 0.3 దగ్గరా, 0.5 దగ్గరా ఉంచి నమూనాను మళ్లీ మళ్లీ నడపండి; వర్ణపట రేఖ ఆకారంలో గాసియన్ నుంచి కనిపించే తేడాలు కూడా లభిస్తే వాటిని తప్పక చేర్చండి, కక్ష్యల స్వభావాన్ని కొంతైనా విప్పేవి అవే.

చివరగా స్వతంత్రమైన సరిచూపు ఒకటి ఉంది. ఎం105, ఎన్‌జీసీ 3384 రెండింటి చుట్టూ దాదాపు 200 కిలోపార్సెక్‌ల వ్యాసంతో చల్లని హైడ్రోజన్ వలయం తిరుగుతున్నట్లు 1983లో కనుగొన్నారు. దాని వేగాలు లోపలి మొత్తం ద్రవ్యరాశిని చెబుతాయి. మీ నమూనాను 100 కిలోపార్సెక్‌ల దాకా పొడిగించినప్పుడు ఎం105 ఒక్కదాని ద్రవ్యరాశే ఆ మొత్తాన్ని దాటితే, కృష్ణ పదార్థ భాగాన్ని తగ్గించి జీన్స్ సమీకరణాన్ని మళ్లీ అమర్చాలి.