వీ రిమోట్ మొరాయిస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

జపాన్ వీడియో గేమ్ సంస్థ నింటెండోకు అప్పటి అధినేత సాతోరు ఇవాటా 2005 సెప్టెంబరులో టోక్యో గేమ్ షోలో చూపించిన వీ రిమోట్, మరుసటి ఏడాది నవంబరులో వీ (Wii) అనే వీడియో గేమ్ యంత్రంతో పాటు అమ్మకానికి వచ్చింది. ఊపితే కదలికను పసిగట్టే యాక్సెలరోమీటర్ ఒకటి, తెర మీద గురిని లెక్కించే పరారుణ (కంటికి కనిపించని కాంతిని చూసే) కెమెరా మరొకటి, ఇలా దాని లోపల ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ఏర్పాట్లున్నాయి. వీటిలో ఏది పనిచేయడం లేదో ముందుగా తేల్చుకోకుండా రిమోట్‌ను విప్పడం వృథా శ్రమ.

రిమోట్ దీపాలు మిణుకుమని ఆరిపోవడం

సెల్లు బలహీనపడటమో, యంత్రంతో బ్లూటూత్ జత తెగిపోవడమో దీనికి కారణం. కొత్త డబుల్ ఏ సెల్లు వేసి, యంత్రం ముందువైపు ఎస్‌డీ కార్డు మూత కింద ఉన్న ఎర్ర మీటను, ఆ వెంటనే రిమోట్ సెల్ల అరలోని ఎర్ర మీటను నొక్కితే జత మళ్లీ కుదురుతుంది. పాత సెల్లు కారి లోహపు పలకలకు తెల్లని పూత పట్టి ఉంటే, ముందు దాన్ని శుభ్రం చేయాలి.

పాయింటర్ (తెర మీది గురి గుర్తు) వణకడం, గెంతడం, మాయమవడం

ఎక్కువ మంది టీవీని అనుమానించేది ఇక్కడే, కానీ గురికీ టీవీకీ సంబంధమే లేదు. టీవీ దగ్గర పెట్టే సెన్సర్ బార్ కూడా దేన్నీ కొలవదు; దాని రెండు చివరలా పరారుణ ఎల్‌ఈడీలు వెలుగుతుంటాయి, దాని తీగలో ప్రవహించేది విద్యుత్తు మాత్రమే. ఆ రెండు వెలుగు చుక్కలను రిమోట్ ముందు భాగంలోని కెమెరా చూసి, వాటి స్థానాలను బ్లూటూత్ ద్వారా యంత్రానికి పంపుతుంది. అందువల్ల కిటికీలోంచి పడే ఎండ, వేడెక్కే బల్బు, టీవీ పక్కన వెలిగించిన దీపం, అద్దంలో ప్రతిఫలించే కాంతి, వీటిలో ఏదైనా కెమెరాకు మూడో చుక్కగా కనిపించి లెక్కను తారుమారు చేయగలదు.

వీ సెట్టింగ్స్‌లో సెన్సర్ బార్ సున్నితత్వాన్ని మార్చే తెరను తెరిస్తే, కెమెరా చూస్తున్న చుక్కలు అలాగే కనిపిస్తాయి. నా ఉద్దేశంలో ఈ యంత్రంలో ఇంతకు మించిన పరీక్షా సాధనం లేదు. రెండుకు మించి చుక్కలుంటే అదనపు వెలుగును వెతికి ఆర్పాలి, లేదా కప్పాలి. ఒకటే ఉన్నా, అసలు లేకపోయినా బార్‌ను ఫోన్ కెమెరాతో చూడాలి: వెలిగే ఎల్‌ఈడీలు లేత ఊదారంగులో కనిపిస్తాయి. కొన్ని ఫోన్ల వెనుక కెమెరాలు పరారుణాన్ని వడకట్టేస్తాయి కనుక ముందు కెమెరాతోనూ చూడటం మంచిది. బార్ సవ్యంగా ఉంటే, ఆడే దూరం ఒకటి నుంచి మూడు మీటర్ల మధ్య ఉందో లేదో, బార్ టీవీ పైన ఉందా కింద ఉందా అన్నది సెట్టింగ్స్‌లో సరిగ్గా నమోదైందో లేదో చూసుకోవాలి.

మణికట్టు తిప్పినా ఆటలో చలనం లేకపోవడం

దీన్ని చెడిపోవడం అనలేం. తొలి రిమోట్‌లోని అనలాగ్ డివైసెస్ సంస్థ తయారీ ఏడీఎక్స్ఎల్330 చిప్పు మూడు అక్షాలలో త్వరణాన్ని కొలుస్తుంది, వాలును గురుత్వాకర్షణ దిశను బట్టి ఊహిస్తుంది. రిమోట్‌ను బల్లకు సమాంతరంగా పట్టుకుని ఎడమకో కుడికో తిప్పినప్పుడు గురుత్వం దిశ మారదు కనుక, ఆ తిరుగుడును చిప్పు గుర్తించలేదు. వేగంగా ఊపినప్పుడు చేతి త్వరణమూ గురుత్వమూ కలిసిపోయి, వాలు లెక్క కూడా చెదిరిపోతుంది.

ఈ కొరతను తీర్చడానికే 2009లో తిరుగుడును కొలిచే జైరోస్కోపులున్న మోషన్‌ప్లస్ అనే అదనపు పరికరం వచ్చింది. 2010లో దాన్ని లోపలే అమర్చిన వీ రిమోట్ ప్లస్ వచ్చింది. అయితే ఆట కూడా దానికి తగ్గట్టు రాసినదై ఉండాలి: వీ స్పోర్ట్స్ రిసార్ట్‌కు అది తప్పనిసరి, 2006 నాటి వీ స్పోర్ట్స్‌కు మాత్రం దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఆటలోని కత్తి మెల్లగా ఒక పక్కకు జరిగిపోవడం

ఇది జైరోస్కోపుతో వచ్చిన చిక్కు. జైరోస్కోపు తిరిగే వేగాన్ని మాత్రమే చెబుతుంది. కోణం కావాలంటే ఆ వేగాలను క్షణక్షణం కూడుతూ పోవాలి, అందులోని అతి చిన్న పొరపాట్లూ అలాగే పోగవుతాయి. ఆట అడిగినప్పుడు రిమోట్‌ను మీటలు కిందికి ఉండేలా చదునైన చోట బోర్లించి కొన్ని సెకన్లు కదపకుండా ఉంచితే, నిశ్చల స్థితి ఏదో దానికి మళ్లీ తెలుస్తుంది. చేతిలో పట్టుకునే ఈ పని ముగించాలనుకుంటే ఫలితం ఉండదు.

చేతి తాడు నలిగి ఉండటం

తొలి రిమోట్ల తాళ్లు సన్నగా ఉండి, విసురుకు తెగిపోవడంతో 2006 డిసెంబరులో నింటెండో సుమారు 32 లక్షల తాళ్లను మార్చి ఇవ్వడానికి ముందుకొచ్చింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న రిమోట్‌కు ఇప్పటికీ ఆ సన్న తాడే ఉంటే, లావుపాటి తాడు వేయించాకే టెన్నిస్ ఆడాలి.