పీజీ సీటు: ర్యాంకు వచ్చాక పోగొట్టుకోవద్దు

నల్గొండలో నాకో నెట్ సెంటర్ ఉంది. నాలుగు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మెషిన్, బయట ఒక బెంచీ. డిగ్రీ ఫైనలియర్ పరీక్షలు అయిపోగానే ఆ బెంచీ నిండుతుంది. "అన్నా, ఉస్మానియాల పీజీ అప్లై చెయ్యాలె" అంటారు. ఏ కోర్సు తమ్ముడూ అంటే పక్కవాడి మొహం చూస్తారు. ఏడాదికేడాది అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్నా. నా అనుభవంలో ర్యాంకు రాక సీటు పోయినవాళ్ల కన్నా, ర్యాంకు వచ్చీ ఆప్షన్ల దగ్గరో సర్టిఫికెట్ల దగ్గరో పోగొట్టుకున్నవాళ్లే ఎక్కువ.

ముందు ఒక సంగతి. ఎంఏ, ఎంకాం, ఎమ్మెస్సీలకు ఉస్మానియాకు విడిగా ఎంట్రన్స్ లేదు. సీపీగెట్ అని ఒకటే పరీక్ష. ఉన్నత విద్యా మండలి తరఫున ఉస్మానియా దాన్ని నిర్వహిస్తుంది. ఉస్మానియాతో పాటు కాకతీయ, మన మహాత్మా గాంధీ, పాలమూరు, శాతవాహన, తెలంగాణ యూనివర్సిటీలు, కోఠి మహిళా విశ్వవిద్యాలయం, జేఎన్టీయూహెచ్ అన్నీ ఈ ర్యాంకు మీదే సీట్లిస్తాయి. ఎంబీఏ, ఎంసీఏ కావాలంటే ఐసెట్ రాయాలి. బీఏ, బీకాం, బీఎస్సీ వాళ్లయితే ఎంసీఏకు ఇంటర్లోనో డిగ్రీలోనో మ్యాథ్స్ చదివి ఉండాలి. దీని సంగతి ఫీజు కట్టాక అడుగుతారు కొందరు! ఎల్‌ఎల్‌ఎంకు పీజీ లాసెట్, ఎంటెక్‌కు గేట్ లేదా పీజీఈసెట్.

గచ్చిబౌలిలోని హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ దారి వేరు. ఎంఏ, ఎమ్మెస్సీల్లో చాలావాటికి సీయూఈటీ పీజీ అనే జాతీయ స్థాయి ఎంట్రన్స్ రాయాలి. ఆ నోటిఫికేషన్ మన డిగ్రీ పరీక్షల కన్నా చాలా ముందే వచ్చేస్తుంది. అందులో తప్పు జవాబుకు మార్కు కోత ఉంటుంది. స్కోరు వచ్చాక యూనివర్సిటీ సైట్లో మళ్లీ విడిగా అప్లై చేయాలి. సీయూఈటీ రాశాను, ఇక వాళ్లే పిలుస్తారు అని కూర్చుంటే ఎవరూ పిలవరు. ఇంకోటి, బీసీ పిల్లలు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి. తహసీల్దార్ ఆఫీసు ఇచ్చే మామూలు బీసీ సర్టిఫికెట్ సెంట్రల్‌కు పనికిరాదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ కావాలి. మీ కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. రాష్ట్ర జాబితాలో ఉన్నవన్నీ అక్కడ ఉండవు.

మళ్లీ సీపీగెట్‌కు వద్దాం. వంద ప్రశ్నలు, తొంభై నిమిషాలు, కంప్యూటర్ మీద పరీక్ష. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలొద్దు. ఫైనలియర్ రాసి రిజల్ట్ కోసం చూస్తున్నవాళ్లూ అప్లై చేయొచ్చు. ఒక్కో సబ్జెక్టుకు ఒక్కో పరీక్ష, ఒక్కోదానికి ఫీజు. ఎమ్మెస్సీలకు డిగ్రీలో ఆ సబ్జెక్టు చదివి ఉండాలి. చాలా ఎంఏలకు అలా కాదు, కొన్నేళ్లుగా ఏ డిగ్రీ వాళ్లకైనా తలుపు తెరిచారు. బీటెక్ చేసి ఎంఏ పొలిటికల్ సైన్స్‌కు వచ్చేవాళ్లు మా సెంటర్‌కు ఏటా వస్తారు, గ్రూప్స్ ప్రిపరేషన్‌కు పనికొస్తుందని. మంచిదే. కానీ పేరు కోసం రెండు మూడు సబ్జెక్టులకు ఫీజు కట్టకండి. నిజంగా చేరతానన్న సబ్జెక్టు, ఒక తోడు సబ్జెక్టు, అంతే చాలు. రెండింటి పరీక్షా ఒకే పూట పడుతుందేమో టైంటేబుల్లో చూసుకోండి.

అప్లికేషన్ నింపేటప్పుడు పేరు టెన్త్ మెమోలో ఎలా ఉందో అలాగే కొట్టండి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, మెమోలో ఒక్క అక్షరమే ఉంటుంది. రెండూ కలపొద్దు, మెమోనే ప్రమాణం. ఫోన్ నంబరు మీదో మీ ఇంట్లోవాళ్లదో ఇవ్వండి. నెట్ సెంటర్ వాడి నంబరు ఇచ్చి వెళ్లిపోతే ఓటీపీ వచ్చిన రోజు మీరెక్కడో, నేనెక్కడో.

ఇప్పుడు అసలు చోటు. రిజల్ట్ వచ్చాక సర్టిఫికెట్ల వెరిఫికేషన్ ఆన్‌లైన్లోనే. స్కాన్ చేసి ఎక్కించాలి. ఫోన్‌తో తీసిన ఫొటోలో వేలు పడినా, స్టాంపు మసకగా ఉన్నా తిప్పి పంపుతారు. కావలసినవి: టెన్త్, ఇంటర్, డిగ్రీ మెమోలు, ప్రొవిజనల్, టీసీ, 9వ తరగతి నుంచి డిగ్రీ దాకా ఏడేళ్ల స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం. స్థానికత తేల్చేది ఆ ఏడేళ్ల కాగితాలే. చదివిన బడి మూతపడితే ఎంఈవో (మండల విద్యాధికారి) ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది, అది వారంలో తేలే పని కాదు, ఎంట్రన్స్ అయిన మర్నాడే మొదలుపెట్టండి. ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీలు) వాళ్లు పాత సర్టిఫికెట్ పెట్టొద్దు, ఆ ఏడాదిదే కావాలి. ఎస్సీ పిల్లలూ, 2025 ఏప్రిల్ నుంచి ఎస్సీలను గ్రూపులుగా విడదీసే వర్గీకరణ అమల్లోకి వచ్చింది, గ్రూపు రాసి ఉన్న సర్టిఫికెట్ దగ్గర పెట్టుకోండి.

టీసీ గురించి ఒక మాట. ప్రభుత్వం పిల్లల తరఫున కట్టే ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని, ముందు ఫీజు కడితేనే ఇస్తామని పట్టుకు కూర్చునే ప్రైవేటు డిగ్రీ కాలేజీలు ఉన్నాయి. మా తమ్ముడికే ఆ బాధ తప్పలేదు. ప్రిన్సిపల్‌ను రాతపూర్వకంగా అడిగి, దాని మీద ముద్ర వేయించుకోవడం మేలు. నోటిమాటకు సాక్ష్యం ఉండదు.

ఇక వెబ్ ఆప్షన్లు, అంటే ఏ కాలేజీలు కావాలో వరుసగా ఆన్‌లైన్లో పెట్టడం. పోయిన సీజన్లో దేవరకొండ వైపు నుంచి ఒకమ్మాయి, వాళ్ల నాన్న వచ్చారు. కెమిస్ట్రీలో ఫర్వాలేదనిపించే ర్యాంకు. "ఉస్మానియా క్యాంపస్, నిజాం కాలేజీ, రెండే పెట్టన్నా" అంది. రెండూ రాకపోతే? "అట్లెట్ల రావు?" అంది. నేను స్క్రీన్ వాళ్ల వైపు తిప్పాను. కాలేజీ పేరు, కోర్సు, పక్కన ఫీజు. ఒకే కోర్సు ఒకచోట రెగ్యులర్, ఇంకోచోట సెల్ఫ్ ఫైనాన్స్. ఫీజు కాలం దగ్గరికి రాగానే వాళ్ల నాన్న కళ్లద్దాలు తుడుచుకుని ముందుకు వంగి ఒక్కో వరుస వేలుతో చదివాడు. "ఇది తియ్యి. గిది పైకి పెట్టు." సైఫాబాద్, సికింద్రాబాద్ పీజీ కాలేజీ, కోఠి మహిళా, కాకతీయ, చివర్న మన ఎంజీయూ. ఇలా ఇరవైకి పైగా పెట్టాం. ఆప్షన్లు ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిది, ఒకటే షరతు: మీకు నిజంగా ఇష్టమైనది పైన ఉండాలి. కింద ఎన్ని పెట్టినా పైదానికి నష్టం లేదు. వస్తే చేరనని తెలిసిన కాలేజీ మాత్రం అసలు పెట్టకండి.

మొదటి విడతలో సీటు వచ్చి, ఇంకా మంచిది కావాలని రెండో విడత ఆప్షన్లు పెడితే, కొత్త సీటు రాగానే పాతది దానంతటదే పోతుంది. మళ్లీ పాతదే కావాలంటే ఇవ్వరు. అందుకే రెండో విడతలో పాతదాని కన్నా మెరుగైనవే పెట్టాలి. ఆప్షన్లు ఫ్రీజ్ చేశాక, అంటే ఇక మార్చకుండా ఖాయం చేశాక, ప్రింటు తీసుకుని వెళ్లండి, గడువు రోజు సాయంత్రం దాకా ఆగొద్దు, అప్పుడు సర్వర్ నత్తనడక.

అన్ని విడతలూ అయ్యాక స్పాట్ అడ్మిషన్లు ఉంటాయి. అందులో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఇది చాలామందికి చేరాకే తెలుస్తుంది. ఒక పీజీ అయిపోయి రెండోది చేసేవాళ్లకూ రాదు, దూరవిద్యకూ రాదు. దూరవిద్య చెడ్డదని కాదు, ఉద్యోగం చేసుకుంటూ చదివేవాళ్లకు ఉస్మానియాలో రామ్‌రెడ్డి దూరవిద్యా కేంద్రం, అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉన్నాయి.

సీటు వచ్చాక అలాట్‌మెంట్ కాగితం, ఒరిజినల్ టీసీ, జిరాక్స్ సెట్లు తీసుకుని చెప్పిన తేదీలోగా కాలేజీకి పోవాలి. ఒరిజినల్స్ ఇచ్చే ముందు అన్నీ స్కాన్ చేసి మీ మెయిల్‌కు పంపుకోండి, స్కాలర్‌షిప్‌కు మళ్లీ అవే అడుగుతారు. చేరిన వెంటనే ఈపాస్ (స్కాలర్‌షిప్, రీయింబర్స్‌మెంట్‌ల సైట్)లో అప్లికేషన్ పెట్టండి. పెట్టి ఊరుకుంటే కాదు, మీసేవలో వేలిముద్ర వేసి, ఆ రసీదు జతచేసి కాపీ కాలేజీలో ఇవ్వాలి. బ్యాంకు ఖాతా మీ పేరు మీదే ఉండాలి, ఆధార్ లింకు అయి ఉండాలి. నాన్న ఖాతా నంబరు ఇచ్చేవాళ్లు ప్రతి ఏడాదీ ఇద్దరు ముగ్గురైనా వస్తారు, వాళ్లను నేను అటునుంచి అటే బ్యాంకుకు పంపిస్తాను.