పశుదేహ పరిభాష – నాలుగో పాఠం: గేదె మోకాలు ఎక్కడ?

ఈ వారం వెన్నెముక మొదలుపెట్టాలనుకున్నాను. అది వచ్చే పాఠానికి ఆగుతుంది. పోయినసారి ఇచ్చిన గేదె బొమ్మలో వెనుక కాలి మోకాలికి సున్నా చుట్టమన్నాను. నాకు చేరిన బొమ్మల్లో సగానికి పైగా తప్పాయి, అన్నీ ఒకే చోట తప్పాయి. కాలికి వెనుక పక్క కోసుగా పొడుచుకొచ్చే కీలుకే సున్నా చుట్టారు. ‘గేదె మోకాలు వెనక్కి వంగుతుంది కదా’ అని ఒకరు పక్కన రాశారు కూడా. వంగదు. ఏ గేదె మోకాలూ వెనక్కి వంగదు.

మీ కాలితోనే మొదలుపెట్టండి. తుంటి నుంచి ఒకే ఎముక దిగుతుంది. అది ముగిసే చోట మోకాలు. అక్కడి నుంచి రెండు ఎముకలు. అవి ముగిసే చోట చిన్న ఎముకల గుంపు, అంటే చీలమండ. ఆ తరువాత పాదం, వేళ్ళు. ఒకటి, రెండు, గుంపు: నేను ఏ జంతువు కాలు చూసినా మొండెం దగ్గర మొదలుపెట్టి ఇలాగే లెక్కపెడతాను. కీలు ఎటు వంగుతుందో చూసి పేరు పెట్టను. మీరూ పెట్టవద్దు.

ఇప్పుడు గేదె దగ్గరికి వెళ్ళండి. తొడ ఎముక పొట్టిది, కండలో దాగి ఉంటుంది. అది ముగిసే చోటు డొక్క కింద, చర్మం మడత పడే దగ్గర ఉంటుంది. అక్కడ అరచేయి ఆనిస్తే మోకాలి చిప్ప గట్టిగా తగులుతుంది. అదే మోకాలు. పశువైద్యులు దాన్ని స్టైఫిల్ అంటారు. అది మీ మోకాలిలాగే తలవైపుకు పొడుచుకుని ఉంటుంది. దాని కింద రెండు ఎముకలు ఉండాలి. గేదెలో రెండోది కుంచించుకుపోయి పేరుకు మాత్రమే మిగిలింది, అయినా లెక్క మారదు. ఆ తరువాత వచ్చే గుంపే మీరు సున్నా చుట్టిన చోటు. అది చీలమండ, వైద్యుల మాటలో హాక్. వెనక్కి పొడుచుకొచ్చిన ఆ కోసు మడమ. పిక్క నుంచి మడమకు తాడులా దిగే గట్టి పట్టీ మీ కాలికీ ఉంది, తడిమి చూసుకోండి.

నమ్మకం కుదరకపోతే గోడకు చేతులు ఆనించి, మునివేళ్ళ మీద లేచి, మోకాళ్ళు కొద్దిగా వంచండి. మీ మడమ గాలిలో వెనక్కి నిలుస్తుంది. గేదె జీవితమంతా అలాగే నిలబడుతుంది, అదీ రెండు వేళ్ళ కొసల మీద. గిట్ట దాని గోరు. నేలకు ఆనేవి మన లెక్కలో మూడో వేలు, నాలుగో వేలు. వెనుక పైన చిన్నగా వేలాడే రెండు గిట్టలు రెండోది, అయిదోది. గుర్రానికి మూడోది ఒక్కటే మిగిలింది.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మోకాలి చిప్ప పైకి జారి చిక్కుకుంటే పశువు కాలు వెనక్కి బిగుసుకుపోతుంది. ఆ కాలును మడవలేక గిట్ట నేలకు రాసుకుంటూ నడుస్తుంది. మన గేదెల్లో, ఎద్దుల్లో కనబడే జబ్బే ఇది. చిక్కు పైన డొక్క దగ్గర ఉంటే, చూసేవారు కింద హాక్‌కు కాపడం పెడుతుంటారు. డాక్టరుకు ఫోనులో ‘మోకాలు వాచింది’ అని చెబితే ఆయన ఏ కీలు అనుకోవాలి?

ముందు కాలు సులువు. తెలుగులోనే జతలు ఉన్నాయి: మోచేతికి మోకాలు జత, మణికట్టుకు చీలమండ జత. మోచేయి రొమ్ము పక్కన తోకవైపుకు చూస్తుంది. ఊళ్ళో ‘ముందు మోకాలు’ అనేది మణికట్టు. గేదె పడుకునేటప్పుడు మొదట ఆనించేది మణికట్లే, అందుకే అక్కడ చర్మం కాయకట్టి ఉంటుంది. వాడుకలో మోకాలు అనండి, తప్పు లేదు. రాసేటప్పుడు మాత్రం మణికట్టు అని రాయండి. గేదెకు జత్రుక, అంటే మెడ కింది అడ్డ ఎముక, లేదు. ముందు కాళ్ళు మొండేనికి కండరాలతోనే అతుక్కుని ఉంటాయి.

దిక్కుల మాటలు మళ్ళీ అడిగారు. పరిభాషలో దిక్కు చెప్పడానికి ‘ముందు’, ‘పైన’ అనే మాటలు నేను వాడను. నిలబడిన మనిషికి ముందు అంటే పొట్ట, గేదెకు ముందు అంటే తల. అందుకే తలవైపు, తోకవైపు, వీపువైపు, పొట్టవైపు అంటాను. మనిషి గుండెకు పై నుంచి రక్తం తెచ్చే సుపీరియర్ వీనా కావా గేదెలో క్రేనియల్ వీనా కావా, అంటే తలవైపుది. తలలోపల మాత్రం ‘తలవైపు’ అనడం కుదరదు కాబట్టి ముక్కువైపు అంటాం. కనురెప్పలకు, పెదవులకు పశువులోనూ పై, కింది అనే మాటలే నిలిచాయి.

కాళ్ళకు ఇంకో జత ఉంది: సమీప, అంటే మొండేనికి దగ్గరిది; దూరస్థ, అంటే మొండేనికి దూరంగా ఉన్నది. ధవళేశ్వరం ఆనకట్టకు దగ్గరి పొలం సమీపం, కాలువ చివరి శివారు పొలం దూరస్థం. కాలువ ఎన్ని వంపులు తిరిగినా ఆ లెక్క మారదు. గేదె పడుకుని కాలు మడిచినా గిట్ట శివారే.

అభ్యాసం. కొబ్బరి తోటలో కట్టేసిన గేదె లేచేటప్పుడు చూడండి. మొదట వెనుక భాగం లేస్తుంది, అప్పటికి ముందు మణికట్లు నేల మీదే ఉంటాయి. ఆ క్షణంలో నాలుగు కాళ్ళ కీళ్ళన్నీ ఎటు వంగి ఉన్నాయో గీయాలి. ఒక్కసారిలో రాదు. వరుసగా ఏడు ఉదయాలు చూసి ఏడు బొమ్మలు వేయండి. తరువాత చేలో గేదె వెంట తిరిగే కొంగ కాలు గీసి, దాని మోకాలికి సున్నా చుట్టండి. ఒకటి, రెండు, గుంపు అని లెక్కపెట్టాకే పెన్సిలు పట్టండి. కొంగ మోకాలు ఈకల్లో దాగి ఉంటుంది, బయట కనబడేది కాదు.