బెంగళూరులో రియల్ ఎస్టేట్ చదవాలని వచ్చారా? ఫీజు కట్టే ముందు ఇది చూడండి

మారతహళ్ళి, బీటీఎం పీజీ హాస్టళ్లలో కొత్తగా దిగిన మన పిల్లలు కనిపిస్తే చాలు, "అన్నా, రియల్ ఎస్టేట్ కోర్సు తక్కువ ఖర్చులో ఎక్కడుంది?" అని అడుగుతున్నారు. అనంతపురం నుంచి వచ్చి పదేళ్లుగా ఇక్కడ స్థలాల కాగితాలు చూసే పనిలో ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెప్తాను.

ముందు ఏ పని చేయాలనుకుంటున్నారో తేల్చుకోండి. ఏజెంటుగా ఉండాలంటే చట్టం డిగ్రీ అడగదు. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం ప్రకారం, రెరా కిందికి వచ్చే ప్రాజెక్టుల్లో ఇళ్లు, స్థలాలు అమ్మించేవాళ్లు రాష్ట్ర రెరా సంస్థలో పేరు నమోదు చేయించుకోవాలి. ఆ ఒక్క పని కోసం లక్షలు పోసి చదవడం నాకు ఎంతమాత్రం నచ్చదు. ఆస్తికి విలువ కట్టే రిజిస్టర్డ్ వాల్యుయర్ దారి వేరు. సివిల్ ఇంజినీరింగ్, ఆర్కిటెక్చర్, టౌన్ ప్లానింగ్‌లలో ఏదో ఒక డిగ్రీ, దాని తర్వాత 5 ఏళ్ల అనుభవం, 50 గంటల కోర్సు, ఐబీబీఐ (కేంద్ర దివాలా బోర్డు) పెట్టే పరీక్ష, ఇవన్నీ కావాలి. ఆ సబ్జెక్టుల్లో పోస్ట్ గ్రాడ్యుయేషన్ ఉంటే అనుభవం 3 ఏళ్లు చాలు. బీకాం చదివి వాల్యుయేషన్ కోర్సులో చేరిన ఒక తమ్ముడికి ఈ సంగతి ఫీజు కట్టాక తెలిసింది. ఆ డబ్బు వాళ్ల నాన్న వేరుశనగ పంట అమ్మి పంపింది.

కాగితాల పని మీద మనసుంటే మూడేళ్ల ఎల్ఎల్‌బీ మంచిది. అది దూరవిద్యలో చేస్తే చెల్లదు, కాలేజీకి వెళ్లాల్సిందే. బిల్డర్ల ఆఫీసులో సేల్స్, ఫైనాన్స్ ఉద్యోగమైతే మామూలు ఎంబీఏ సరిపోతుంది. పేరులో రియల్ ఎస్టేట్ అని ఉందని ఎక్కువ కట్టొద్దు. సిలబస్ అడిగి తీసుకుని రెరా, రిజిస్ట్రేషన్ చట్టం, విలువ కట్టడం, భూమి రికార్డులు అందులో ఉన్నాయో లేదో చూడండి.

ఇంకో సంగతి. ఇక్కడ ప్రభుత్వ కోటా సీటు రావాలంటే సాధారణంగా కర్ణాటకలో 7 ఏళ్లు చదివి ఉండాలి. మన పిల్లల్లో చాలామందికి అది ఉండదు కాబట్టి ఎక్కువగా మేనేజ్‌మెంట్ సీటే మిగులుతుంది. అందుకే "ఈరోజే అడ్వాన్స్ కట్టకపోతే సీటు పోతుంది" అని ఫోన్లు వస్తాయి. టెన్షన్ పడకండి. హాస్టల్, పరీక్ష ఫీజు, యూనిఫాం కలిపి కోర్సు మొత్తం ఖర్చు రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి. చేతిలో డబ్బు తక్కువైతే ఉద్యోగం చేసుకుంటూ దూరవిద్యలో డిగ్రీ చేయొచ్చు. చేరే ముందు ఆ కోర్సుకు ఆ ఏడాది యూజీసీ గుర్తింపు ఉందో లేదో యూజీసీ సైట్లో మీరే చూసుకోండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల సైటు స్వయం పోర్టల్లో పాఠాలైతే ఉచితమే.

ఏ కాలేజీలో చేరినా కన్నడ చదవడం మాత్రం నేర్చుకోండి. మొదట్లో ఒక సారు నా ముందు పహణి (పొలం రికార్డు కాగితం) పెట్టి "చదువు" అన్నారు. నోరు పెగల్లేదు. కాసేపు చూస్తే అక్షరాలన్నీ మనవాటి అన్నదమ్ముల్లా ఉన్నాయి, తలకట్టు మాత్రం పైన అడ్డంగా సాగింది. బస్సు బోర్డులు చదువుతూ రెండు వారాల్లో పట్టేశాను. పహణిని ఇక్కడ ఆర్‌టీసీ అంటారు, బస్సు అనుకోకండి. మనం ప్లాట్ అనేదాన్ని సైట్ అంటారు. గజాల లెక్క వినపడదు, అంతా చదరపు అడుగులే. 30 బై 40 సైట్ అంటే 1,200 అడుగులు, మన లెక్కలో సుమారు 133 గజాలు. పొలాన్ని గుంటల్లో చెప్తారు, 40 గుంటలు ఒక ఎకరం. సెంట్లకు అలవాటుపడిన మన సీమవాళ్లు గుంట అంటే రెండున్నర సెంట్లని గుర్తుపెట్టుకోండి.

ఏ ఖాతా (అనుమతులన్నీ సరిగా ఉన్న ఆస్తి), బీ ఖాతా (అనుమతుల్లో లోటున్న ఆస్తి) తేడా కూడా చేరిన మొదటి నెలలోనే అడిగి తెలుసుకోండి. ఇంటర్వ్యూలో నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదే.